జలజ ఎవరిది? ఇంటర్నెట్ పాలనలో కుర్చీల లెక్క

‘జలజ’ అని తెలుగులో రాయండి. అదే మాట కన్నడలో రాసి పక్కన పెట్టండి. తేడా పట్టుకోవడం కష్టం. ‘జ’కీ ‘ల’కీ మన లిపిలో తలకట్టు లేదు కాబట్టి, తెలుగుని కన్నడ నుంచి విడదీసి చూపించే ఆ చిన్న గీత కూడా ఇక్కడ సాయం రాదు. కంటికి ఒకటే మాట. కంప్యూటర్‌కి మాత్రం రెండు వేర్వేరు మాటలు, ఎందుకంటే ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు ‘జ’ నంబరు వేరు, కన్నడ ‘జ’ నంబరు వేరు. డాట్ కామ్ ఉన్న చోట డాట్ జలజ అని ఒకరు తెలుగులో, ఇంకొకరు కన్నడలో తీసుకున్నారనుకోండి. చూసేవాళ్లకి తాము ఏ సైటుకి వెళ్తున్నామో తెలిసే దారి ఉండదు. బ్యాంకు పేరుతో ఎవరైనా ఈ పని చేస్తే జనం డబ్బు పోతుంది.

అందుకే ఇంటర్నెట్ పేర్ల చెట్టులో అన్నిటికంటే పై మెట్టుకి ఒక నియమం పెట్టారు. ఇలా ఒకేలా కనిపించే తెలుగు, కన్నడ అక్షరాలను ఒకదానికొకటి ప్రతిరూపాలుగా లెక్కిస్తారు. తెలుగు పేరు ఎవరికైనా దక్కితే దాని కన్నడ ప్రతిరూపం ఇంకెవరికీ ఇవ్వరు. ముందు కన్నడవారికి దక్కితే మనకూ అంతే.

అంటే తెలుగు అక్షరాల మీద రాసిన నియమం కన్నడవారికి ఒక తలుపు మూస్తుంది. మరి ఆ నియమం రాసే బల్ల దగ్గర కన్నడవారు కూర్చోవాలా వద్దా? ఇలా అడిగితే జవాబు తేలికే. కానీ ఇంటర్నెట్ పాలనలో ఎవరికి ప్రాతినిధ్యం ఉండాలనే చర్చ మామూలుగా ఇలా మొదలవదు. ప్రభుత్వం, పరిశ్రమ, పౌర సమాజం, సాంకేతిక నిపుణులు అని నాలుగు బోర్డులు ముందే రాసి పెట్టుకుని, ఒక్కో బోర్డు కింద ఎవరిని కూర్చోబెట్టాలా అని వెతుకుతారు. తప్పు అక్కడే మొదలవుతుందని నా గట్టి అభిప్రాయం.

తెలుగు నియమాలు రాసింది నియో-బ్రాహ్మీ జనరేషన్ ప్యానెల్. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడ, మలయాళం, ఈ తొమ్మిది లిపులకూ కలిపి ఒకే బృందం. పేర్ల వ్యవస్థను నడిపే ఐక్యాన్ పద్ధతి ప్రకారం, అలాంటి బృందం పని మొదలుపెట్టకముందే తనలో ఎవరెవరున్నారో చూపించాలి. భాషాశాస్త్రం తెలిసినవారు, యూనికోడ్ తెలిసినవారు, డొమైన్ పేర్ల నమోదు ఎలా జరుగుతుందో తెలిసినవారు, ఆ లిపి వాడే సమాజాల మనుషులు ఉండాలి. వాళ్ల ప్రతిపాదనను ఇంటిగ్రేషన్ ప్యానెల్ అనే చిన్న నిపుణుల బృందం పరిశీలిస్తుంది. ఆ రెండో బృందం ఒప్పుకోవచ్చు, తిప్పి పంపవచ్చు, అంతేగానీ తానే దిద్ది రాసుకోకూడదు. తెలుగు నియమాలు 2019 జూలైలో విడుదలైన మూడో విడతలో చేరాయి.

ఈ అమరికలో నాకు నచ్చేది దాని వరస. ముందు నిర్ణయం ఏమిటో తేల్చారు. తరవాత అది ఎవరిని తాకుతుందో చూశారు. కుర్చీలు చివర వేశారు. అలాగని లోటు లేదని కాదు. రూట్ జోన్‌లోకి, అంటే పేర్ల చెట్టు పై మెట్టుకి, ఏ అక్షరాలు పరిశీలనకు రావాలో తేల్చడానికి ఈజిడ్స్ అనే కొలమానం వాడారు. ఒక భాష ఎంత నిలదొక్కుకుందో అది మెట్లుగా చెబుతుంది. నాలుగో మెట్టు, అంటే బడి చదువులో స్థిరపడిన భాష దాకా లెక్కలోకి తీసుకుని, ఐదు దగ్గర గీత గీశారు. రూట్ జోన్ ప్రపంచం మొత్తానికి ఒక్కటే, తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం కష్టం, కాబట్టి ఎక్కడో ఒక చోట గీత పడక తప్పదు. కానీ ఇంకా బడిలోకి పూర్తిగా రాని భాషవారికి ఆ గీత ఎక్కడ పడాలో చెప్పే కుర్చీ ఎలా దొరుకుతుంది? కోయ, గోండి లాంటి భాషలను మన లిపిలో రాసేవారున్నారు. అక్షరాలు తెలుగువే కాబట్టి చాలావరకు ఇబ్బంది రాదు. లిపిని కొంచెం మార్చుకుని వాడాల్సి వచ్చే భాషలకు మాత్రం ఇది ఉత్త మాట కాదు.

నాలుగు బోర్డుల పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2005లో ట్యునీషియా రాజధాని ట్యునిస్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి శిఖరాగ్ర సమావేశం ఒక పత్రం ఆమోదించింది. ఇంటర్నెట్ పాలన అంటే ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం ‘తమ తమ పాత్రల్లో’ కలిసి చేసే పని అని 34వ పేరా నిర్వచించింది. ఆ పాత్రలేమిటో 35వ పేరా పంచింది. ప్రజా విధానం మీద అధికారం దేశాల సార్వభౌమ హక్కు. సాంకేతిక, ఆర్థిక వ్యవహారాల్లో ప్రైవేటు రంగానిది ముఖ్య పాత్ర. పౌర సమాజానిది ముఖ్యంగా సమాజ స్థాయిలో పాత్ర. విద్యావేత్తలు, సాంకేతిక సమాజం 36వ పేరాలో, 35వ పేరా చెప్పిన గుంపుల లోపలే ఉన్నారన్నట్టు వచ్చారు.

ఈ పంపకం కాగితం మీద చక్కగా ఉంటుంది, పనిలో నిలవదు. ‘జలజ’ విషయంలో ప్రజా విధానం ఎక్కడ ఆగింది, సాంకేతికం ఎక్కడ మొదలైంది? 2014 ఏప్రిల్‌లో బ్రెజిల్‌లోని సావో పౌలోలో జరిగిన నెట్‌ముండియల్ సమావేశం ఈ ముడిని కొంత విప్పింది. ఎవరి పాత్ర ఏమిటన్నది చర్చలో ఉన్న విషయాన్ని బట్టి సడలించి చూసుకోవాలని తన ప్రకటనలో రాసింది. పదేళ్ల తరవాత, 2024లో, అదే నగరంలో మళ్లీ కూర్చుని 13 మార్గదర్శకాలు, 12 దశలతో ఒక పద్ధతి రాశారు. కొత్తగా ఏ కమిటీ వేసేవారైనా ముందు ఆ 12 దశలు చదివితే మేలు. ఎవరెవరిని తాకుతుందో గుర్తించే పని ఒక దశగా అందులో విడిగా ఉంది.

బ్రెజిల్ పేరు రెండుసార్లు రావడం ఊరికే కాదు. ఈ లెక్కను అందరికంటే ముందు, అందరికంటే వివరంగా వేసిన దేశం అదే. సీజీఐ అని పిలిచే అక్కడి ఇంటర్నెట్ స్టీరింగ్ కమిటీ 1995లో పుట్టింది. మొదట్లో సభ్యులను మంత్రులే నియమించేవారు. 2003 సెప్టెంబరు 3న వచ్చిన 4829వ డిక్రీతో, అంటే అధ్యక్షుడి ఉత్తర్వుతో, ప్రభుత్వేతర సభ్యులను ఆయా రంగాలే ఎన్నుకునే పద్ధతి వచ్చింది. మొత్తం 21 మంది. అందులో ప్రభుత్వం వైపు 9, వ్యాపార రంగం నుంచి 4, స్వచ్ఛంద సంస్థల రంగం నుంచి 4, శాస్త్ర సాంకేతిక సమాజం నుంచి 3, ఇంటర్నెట్ విషయాల్లో పేరున్న నిపుణుడు ఒకరు. ప్రభుత్వానిది పెద్ద గుంపే, కానీ ఒంటరిగా మెజారిటీ లేదు. 11 ఓట్లు కావాలంటే బయటినుంచి కనీసం ఇద్దరిని ఒప్పించాలి.

అసలు పనితనం ఆ నాలుగు వ్యాపార కుర్చీల్లో ఉంది. వాటిని ‘పరిశ్రమ’ అని ఒకే మూటగా కట్టలేదు. ఇంటర్నెట్ కనెక్షన్, కంటెంట్ ఇచ్చేవారికి ఒకటి. టెలికం మౌలిక సదుపాయాలు నడిపేవారికి ఒకటి. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి ఒకటి. ఇంటర్నెట్ వాడుకుని వ్యాపారం చేసేవారికి ఒకటి. కారణం తేలిక. ఆ దేశంలో ఊరూరా చిన్న ప్రొవైడర్లు వేలల్లో ఉన్నారు. పెద్ద టెలికం కంపెనీ కేబుల్ మీద వాళ్లు ఆధారపడతారు, అదే కంపెనీతో కస్టమర్ల కోసం పోటీ పడతారు. మన కేబుల్ ఆపరేటర్లకీ పెద్ద కంపెనీలకీ ఉన్న గొడవ తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ వేస్తే, సంఘానికి ఎక్కువ చందా కట్టేవాడు దాంట్లో కూర్చుంటాడు. గుంపు లోపలే గొడవ ఉన్నప్పుడు ఆ గుంపుని విడదీయాలి. ప్రాతినిధ్యం లెక్కలో అందరూ తొందరపడి దాటేసే మెట్టు ఇదే.

ఎన్నిక ఎలా జరుగుతుందో కూడా చూడాలి. వ్యక్తులు ఓటు వేయరు, సంస్థలు వేస్తాయి. తమ రంగపు ఓటర్ల జాబితాలో సంస్థ ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, పత్రాలు చూపించాలి. చట్టబద్ధంగా పుట్టి కనీసం రెండేళ్లు అయి ఉండాలి. ఈ రెండేళ్ల షరతు పెద్ద రక్షణ. అది లేకపోతే ఎన్నిక నెల ముందు ఒకే అడ్రసులో పది సంఘాలు రిజిస్టరవుతాయి. గెలిచినవారి పదవీకాలం మూడేళ్లు. ఇక డబ్బు విషయానికొస్తే, బ్రెజిల్ సొంత డాట్ బీఆర్ పేర్ల నమోదు రుసుముతోనే సీజీఐ పని నడుస్తుంది. బడ్జెట్ కోసం ఏటా మంత్రి ముందు నిలబడాల్సిన కమిటీకి, ఇలాంటి కమిటీకి నోరు విప్పడంలో తేడా ఉంటుంది.

బలహీనత ఒకటుంది. డిక్రీతో వచ్చింది ఇంకో డిక్రీతో పోవచ్చు. 2017 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం కమిటీ కూర్పు మార్చడానికి సంప్రదింపులు మొదలుపెడితే పౌర సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. కుర్చీల సంఖ్య ఏ స్థాయి పత్రంలో రాశారన్నది కూడా అందుకే కుర్చీల సంఖ్యంత ముఖ్యం.

కుర్చీ ఉండి కూడా ఫలితం లేని సందర్భం ఒకటి చెప్పాలి. ఐక్యాన్‌లో డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేర్ల విధానం చూసే జీఎన్ఎస్ఓ కౌన్సిల్‌లో 21 మంది ఉంటారు. పేర్ల జాబితాలు నడిపే రిజిస్ట్రీలకు 3, పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకు 3, వాణిజ్య వర్గానికి 6, వాణిజ్యేతర వర్గానికి 6, మిగతా ముగ్గురు నామినేటింగ్ కమిటీ ఎంపిక చేసినవారు. లాభాపేక్ష లేని సంస్థలకు వాణిజ్యేతర వర్గంలో సొంత విభాగమే ఉంది. డాట్ ఆర్గ్ పేర్లు ఎక్కువగా వాడేది అలాంటి సంస్థలే. కాగితం మీద ఏ లోటూ లేదు.

2019 జూన్ 30న డాట్ ఆర్గ్ ధరల మీద ఉన్న పరిమితి ఎత్తేశారు. అంతకుముందు హోల్‌సేల్ ధర ఏటా 10 శాతానికి మించి పెంచడానికి లేదు. అభిప్రాయాలు అడిగినప్పుడు 3,000కు పైగా వచ్చాయి, దాదాపు అన్నీ వద్దనే చెప్పాయి. అయినా పరిమితి పోయింది, ఎందుకంటే ధర ఉండేది ఐక్యాన్‌కీ రిజిస్ట్రీకీ మధ్య ఒప్పందంలో. ఆ ఒప్పందం ఇద్దరి మధ్య బేరం, కౌన్సిల్ ముందుకు వచ్చే విధానం కాదు. అదే ఏడాది నవంబరులో ఆ రిజిస్ట్రీని 113.5 కోట్ల డాలర్లకు ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థకు అమ్మబోతున్నట్టు ప్రకటన వచ్చింది. పెద్ద నిరసన తరవాత 2020 ఏప్రిల్ 30న ఐక్యాన్ ఆ మార్పిడికి ఒప్పుకోలేదు. అమ్మకం ఆగింది కానీ కౌన్సిల్‌లోని కుర్చీల వల్ల కాదు. కుర్చీ ఒక గదిలో ఉంది, నిర్ణయం ఇంకో గదిలో జరిగింది. ఎవరైనా ‘మీకు ప్రాతినిధ్యం ఇచ్చాం’ అన్నప్పుడు, ఏ గదిలో అని అడగాలి.

ఐక్యాన్ బోర్డులో ఓటున్న 16 మందిలో ప్రపంచంలోని మామూలు వాడుకరుల తరఫున ఎన్నికయ్యేది ఒక్కరే.

ఇంకొకరి తరఫున మాట్లాడే హక్కు గురించి అమెజాన్ కేసు చాలా చెబుతుంది. డాట్ అమెజాన్ పేరు కోసం అమెజాన్ కంపెనీ ఐక్యాన్‌కి దరఖాస్తు పెట్టింది. ఆ నది ప్రవహించే దేశాల్లో బ్రెజిల్, పెరూ ముందుండి అభ్యంతరం చెప్పాయి. 2013 జూలైలో ఐక్యాన్‌లోని ప్రభుత్వాల సలహా కమిటీ వద్దని సలహా ఇచ్చింది, 2014లో బోర్డు దరఖాస్తు తోసిపుచ్చింది, 2017లో స్వతంత్ర సమీక్ష కంపెనీ వైపు తీర్పు చెప్పింది, చివరికి పేరు కంపెనీకే దక్కింది. ఏళ్ల తరబడి సాగిన ఈ వాదనలో ఆ అడవిలో, ఆ నది ఒడ్డున బతికే ఆదివాసీల పేరు పదే పదే వినిపించింది. వాళ్లకంటూ ఓటున్న కుర్చీ ఎక్కడా లేదు, ప్రభుత్వాలే వాళ్ల నోరు. ప్రభుత్వం తన పౌరులందరి తరఫునా మాట్లాడుతుందన్నది చట్టం చెప్పే మాట. భూమి విషయంలో తన ప్రభుత్వంతోనే కోర్టులో పోరాడుతున్న సమాజానికి అది సరిపోదు.

కొత్తగా ఒక గుంపు వచ్చి మాకూ కుర్చీ కావాలంటే నేను చూసే వరస ఇది. మొదట, ఈ నిర్ణయం తప్పయితే వాళ్లకి ఏం పోతుందో ఒక్క వాక్యంలో రాయమనాలి. డబ్బా, పేరా, భద్రతా, పనా? రాయలేకపోతే వాళ్లకి ఆసక్తి ఉందేమో గానీ వాటా లేదు. రెండోది, నిర్ణయం నచ్చకపోతే తప్పుకునే దారి ఉందా? ఒక రిజిస్ట్రార్ నచ్చకపోతే పేరు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకోవచ్చు. పదేళ్లుగా వాడిన డాట్ ఆర్గ్ పేరు వదిలి పోవడం ఒక సంస్థకి అంత తేలిక కాదు. బయటికి దారి లేనివాళ్లకి కుర్చీ ముందు. మూడోది, వాళ్లు లేకుండా తీసుకున్న నిర్ణయం అమలవుతుందా? పై మెట్టు పేర్ల జాబితాను ప్రపంచానికి అందించే రూట్ సర్వర్లు నడిపేవారు ఎంతమంది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. వాళ్లు చేయలేని పని చేయమని రాస్తే అది కాగితంలోనే ఉండిపోతుంది. నాలుగోది, ఈ ప్రతినిధిని ఎన్నుకున్నదెవరు, వాళ్లు అతన్ని వెనక్కి పిలవగలరా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలా ‘పౌర సమాజ’ కుర్చీలు తేలిపోతాయి, చెప్పడానికి బాధగా ఉన్నా.

ఒకే జేబు మూడు కుర్చీల్లో కూర్చోవడం కూడా చూసుకోవాలి. కంపెనీ స్వయంగా ఒక చోట, అది చందా కట్టే సంఘం రెండో చోట, దాని ఫీజు తీసుకునే న్యాయవాద సంస్థ మూడో చోట. ఐక్యాన్ వర్కింగ్ గ్రూపుల్లో చేరేవారు తమ ప్రయోజనాల ప్రకటన రాసివ్వాలి, అది అందరికీ కనిపిస్తుంది. మన దేశంలో ఏ కమిటీకైనా ఇది మొదటి రోజే అడగాల్సిన కాగితం. ఇంకా చిన్నదిగా కనిపించే సంగతి, కాల్ ఏ టైముకి అన్నది. అంతర్జాతీయ కాలమానంలో 14 గంటలకి పెట్టిన మీటింగ్ మనకి రాత్రి ఏడున్నర, లండన్‌లో ఆఫీసు వేళ, సిడ్నీలో అర్ధరాత్రి. వారానికి రెండు కాల్స్ చొప్పున ఏడాది నడిస్తే, జీతం తీసుకుని వచ్చేవాళ్లే చివరిదాకా మిగులుతారు.

హైదరాబాద్ ఈ చర్చకు రెండుసార్లు వేదికైంది. 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం, ముంబై దాడులు ముగిసిన కొన్ని రోజులకే. 2016 నవంబరులో ఐక్యాన్ 57వ సమావేశం. మధ్యలో 2011లో మన దేశం ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో పెట్టిన ప్రతిపాదన వేరేగా ఉండేది. 50 ప్రభుత్వాలకు అసలు బల్ల, మిగతావారికి నాలుగు సలహా బృందాలు. 2015లో ప్రభుత్వం ఆ దారి వదిలి బహుళ పక్షాల విధానానికి మద్దతు ప్రకటించింది. అంతర్జాతీయంగా ఒప్పుకున్న ఆ మాట ఇంట్లో ఎంతవరకు వచ్చిందో చూడాలంటే ఇంటర్నెట్ నిలిపివేత నియమాలు తెరవాలి.

2017 నియమాల ప్రకారం రాష్ట్రంలో ఇంటర్నెట్ ఆపమని ఉత్తర్వు ఇచ్చేది హోం శాఖ కార్యదర్శి. ఐదు పనిదినాల్లో ఒక సమీక్ష కమిటీ ఆ ఉత్తర్వుని పరిశీలించాలి. కమిటీలో ముగ్గురు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు, న్యాయ శాఖ కార్యదర్శి, హోం కాకుండా ఇంకో శాఖ కార్యదర్శి. ముగ్గురూ ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వంలోని వారే. 2020 జనవరి 10న, కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపడం మీద వచ్చిన అనురాధా భసీన్ కేసులో, సుప్రీంకోర్టు ఉత్తర్వులు బయటపెట్టాలంది. అదే ఏడాది నవంబరులో ఒక ఉత్తర్వు 15 రోజులు మించకూడదని సవరణ వచ్చింది. 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ కమిటీలోకి రిటైర్డ్ న్యాయమూర్తుల వంటి ప్రభుత్వేతరులను తీసుకోవాలని సిఫార్సు చేసింది. 2024 నవంబరులో కొత్త టెలికం చట్టం కింద నియమాలు మళ్లీ రాశారు. కుర్చీలు మూడే, కూర్చునేవారూ ఆ హోదాల వారే.

పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తరవాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపినప్పుడు ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగు ఊళ్లకు పోవాల్సి వచ్చింది. వాళ్లు కనీసం బస్సెక్కగలరు. వేలిముద్ర పడితేగానీ బియ్యం ఇవ్వని ఈ-పాస్ మెషీన్ ముందు నిలబడ్డ కార్డుదారు ఎక్కడికి పోతారు? పల్లెలో బ్యాంకు తరఫున పింఛను డబ్బు చేతికిచ్చే బిజినెస్ కరస్పాండెంట్ ఎక్కడికి పోతారు? పోయేదేమిటో ఒక్క వాక్యంలో రాయగలరు, బయటికి దారి లేదు. ఆ మనుషులందరినీ కమిటీలో కూర్చోబెట్టడం కుదరదు, నిజమే. కానీ ఒక రిటైర్డ్ న్యాయమూర్తి, పౌర సరఫరాల శాఖతో సంబంధం లేని రేషన్ వినియోగదారుల ప్రతినిధి ఒకరు, ఏ టవర్ దాకా ఆపితే సరిపోతుందో చెప్పగల నెట్‌వర్క్ ఇంజనీరు ఒకరు, ఈ ముగ్గురు చేరితే కమిటీ ఆరుగురవుతుంది. ఐదు రోజుల్లో సమావేశమవడానికి ఆరుగురు ఎక్కువ కాదు. జిల్లా మొత్తం ఆపాలా, రెండు మండలాలు చాలా అన్న ప్రశ్న ఆ ఇంజనీరు లేకుండా ఎవరూ అడగరు. ఆ వారంలో ఎన్ని రేషన్ లావాదేవీలు ఫెయిలయ్యాయో మెషీన్ల సర్వర్‌లో లెక్క ఉంటుంది. ఆ కాగితం సమీక్ష బల్ల మీదికి తప్పనిసరిగా రావాలని చెప్పే వాక్యం 2017 నియమాల్లో లేదు, 2024లో తిరగరాసినప్పుడూ చేర్చలేదు.